ఐసీయూ నుంచి బయటపడ్డాక మళ్లీ నడక: గోదావరి జిల్లాల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడలో చూపించుకున్నా, రాజమండ్రిలో చూపించుకున్నా, భీమవరం, అమలాపురంలో చూపించుకున్నా, ఐసీయూ నుంచి మనిషి బయటపడ్డాక ఇంటివాళ్లు ఫిజియోథెరపిస్టుని అడిగేవి ఇంచుమించు ఇవే. ఫోన్‌లో అడిగినవాళ్లకి అడిగినట్టు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇదంతా ప్రాణాపాయం దాటిన పెద్దవాళ్ల గురించి. ఎముకలు విరిగినా, తలకో వెన్నుకో ఆపరేషన్ జరిగినా, ఈమధ్యే గుండెపోటు వచ్చినా మీ డాక్టర్ గీసిన గీతే ముందు.

## ఇంకా ఐసీయూలోనే ఉన్నప్పుడు

వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఫిజియోథెరపీ ఏంటండి? ప్రాణం మీదికొస్తే ఎక్సర్‌సైజులా?

డాక్టర్ సరేనన్న రోజు నుంచే మొదలవుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒళ్లు తన కండని తనే కరిగించుకుంటుంది. లండన్ ఐసీయూల్లో రోగులకి స్కానింగ్ తీస్తూ చేసిన ఒక పరిశోధన 2013లో వచ్చింది. తొడ ముందు కండరం పది రోజుల్లోనే సగటున దాదాపు 18 శాతం తగ్గిపోయింది. ఒకటికి మించి అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గింది. అంతకుముందు 2009లో, అమెరికాలో 104 మంది వెంటిలేటర్ రోగుల మీద చేసిన పరిశోధన వచ్చింది. రోజూ మత్తు కాసేపు ఆపి, ఆ మెలకువలోనే కాళ్లూ చేతులూ ఆడించడం, మంచం అంచున కూర్చోబెట్టడం తొలి రోజుల్లోనే మొదలుపెట్టినవాళ్లలో 59 శాతం మంది తమ పనులు తాము చేసుకోగలిగే స్థితిలో ఇంటికెళ్లారు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో అలా వెళ్లినవాళ్లు 35 శాతం.

మొదట్లో రోగి చేసేదేమీ ఉండదు. చీలమండ, మోకాలు, భుజం, వేళ్లు బిగుసుకుపోకుండా ఫిజియో కదుపుతారు. తెలివి వచ్చాక రోగి చేత చేయిస్తారు.

డబ్బుకి వెనకాడం. రోజుకి నాలుగైదుసార్లు గట్టిగా చేయిస్తే త్వరగా లేస్తారు కదా?

అలా అని రుజువు కాలేదు. ఆరు దేశాల్లో 750 మంది వెంటిలేటర్ రోగులతో చేసిన పెద్ద పరిశోధన 2022లో వచ్చింది. మామూలు మోతాదుకి మించి చేయించినవాళ్లు అదనంగా బాగుపడింది లేదు. పైగా బీపీ అటూ ఇటూ కావడం, గుండె లయ తప్పడం, ఆక్సిజన్ పడిపోవడం లాంటి ఇబ్బందులు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. రోజూ తప్పకుండా, మనిషి తట్టుకున్నంత. ఐసీయూలో అంతకు మించి కోరకండి.

రోజుకి పది నిమిషాలే లోపలికి పంపుతారు. ఆ కాసేపట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. ముందు పేరు పెట్టి పిలిచి మీరెవరో చెప్పండి. ఇవాళ ఏ వారమో, ఇప్పుడు పొద్దున్నో సాయంత్రమో, ఏ ఊరి ఆసుపత్రిలో ఉన్నారో చెప్పండి. ఐసీయూలో చాలామందికి మతి తికమక పడుతుంది. గోడ మీద ఎవరో పాకుతున్నారంటారు, పైపులు పీక్కుంటారు. పిచ్చి పట్టిందని కంగారు పడొద్దు. జబ్బు, మందులు, నిద్ర లేకపోవడం అన్నీ కలిసి చేసే పని అది. కళ్లజోడు, చెవి మిషన్ వాడే అలవాటుంటే ఇంటి నుంచి తెచ్చి నర్సుకివ్వండి. చూపు ఆనక, మాట వినబడక తికమక ఇంకా పెరుగుతుంది.

నర్సు ఒప్పుకుంటే "నాన్నా, పాదం నీ వైపుకి లాగు, ఇప్పుడు కిందకి నొక్కు" అని చెప్పి చేయించండి. మీరు లాగి చేయొద్దు, ఆయన ప్రయత్నించాలి. బొటనవేలు కొంచెం కదిలినా లెక్కలోకి వస్తుంది. ఏడుపొస్తే బయటికొచ్చాక ఏడవండి.

మా తమ్ముడు కట్లపాము కరిచి వారం రోజులు వెంటిలేటర్ మీదున్నాడు, లేచి తిరిగేస్తున్నాడు. పక్క బెడ్డాయన న్యుమోనియాతో అన్నే రోజులున్నాడు, కూర్చోలేకపోతున్నాడు. ఎందుకని?

రోజులు ఒకటే అయినా దెబ్బ తగిలిన చోటు వేరు. కట్లపాము విషం నరం కొసా కండరమూ కలిసే చోట పని ఆపేస్తుంది. ఆ కొసలు మళ్లీ బాగయ్యేదాకా వెంటిలేటర్ ఊపిరినిస్తుంది. కండ చాలావరకు అలాగే ఉంటుంది కాబట్టి విషం ప్రభావం తగ్గగానే మనిషి తేరుకుంటాడు. న్యుమోనియా ముదిరి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే కండరాలు, నరాలు రెండూ దెబ్బతింటాయి. వాళ్లకి నెలలు పడుతుంది. ఒకరితో ఒకరిని పోల్చి మంచం మీదున్నాయన్ని చిన్నబుచ్చొద్దు.

## వార్డుకి మార్చాక

మొన్నటిదాకా దిట్టంగా ఉన్న మనిషి మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేకపోతున్నారు. పక్షవాతమా?

రెండు చేతులూ, రెండు కాళ్లూ ఇంచుమించు సమానంగా నీరసించి, ముఖం, మాట బాగానే ఉంటే అది ఎక్కువగా ఐసీయూ నీరసమే. దీన్ని వైద్యులు ఒక జబ్బుగానే లెక్కిస్తారు, బద్ధకంగా కాదు. భుజాలు, తుంటి దగ్గర బలహీనత ఎక్కువ. అందుకే నడిపిస్తే నాలుగడుగులు వేసే మనిషి కూడా కుర్చీలోంచి లేవలేడు, జుట్టు దువ్వుకోలేడు.

ఒక పక్కే పడిపోయినా, మూతి వంకర పోయినా, మాట ముద్దగా వస్తున్నా ఆ క్షణమే డాక్టర్‌కి చెప్పాలి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయాలి.

కూర్చోబెట్టగానే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. పడుకోబెట్టేయమంటారా?

ఆ పూటకి పడుకోబెట్టండి, మానిపించకండి. రోజుల తరబడి పడుకున్న ఒంటికి లేవగానే బీపీ నిలబెట్టుకోవడం చేతకాదు. తలవైపు మంచం కొంచెం కొంచెంగా లేపి ఐదు నిమిషాలు ఉంచండి. లేచే ముందు పడుకునే పాదాలు ఇరవైసార్లు పైకీ కిందకీ ఆడించమనండి. తర్వాత కాళ్లు కిందకి వేలాడేసి అంచున కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి. ఇవాళ రెండు నిమిషాలు కూర్చుంటే రేపు నాలుగు. కళ్లు చీకట్లు కమ్మినా, చెమటలు పట్టినా వెంటనే వెనక్కి పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. రోజూ అలాగే అవుతుంటే బీపీ మందుల మోతాదు చూడమని డాక్టర్ని అడగాలి.

మూడు బంతుల డబ్బా ఇచ్చి ఊదమన్నారు. రోజూ ఊదిస్తున్నాం, ఒక్క బంతీ లేవట్లేదు.

ఊదకూడదండి, పీల్చాలి! పది ఇళ్లలో ఆరేడిళ్లలో ఇదే జరుగుతుంది. "ఊదే డబ్బా" అని పేరు పడిపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. నిటారుగా కూర్చోబెట్టి, గాలి బయటికి వదిలేయమని, గొట్టం చుట్టూ పెదవులు బిగించి నెమ్మదిగా లోపలికి పీల్చమనండి. బంతి లేచాక రెండు మూడు సెకన్లు నిలపాలి. ఐదారుసార్లు చేసి ఆగాలి, గంటకో రెండు గంటలకో మళ్లీ. వరసగా చేస్తే తల తిరుగుతుంది. మూడు బంతులూ లేపాలన్న పంతం అక్కర్లేదు, మొదటి బంతి నిలిస్తే చాలు.

మంచినీళ్లు తాగినప్పుడల్లా దగ్గొస్తోంది. గొంతు కూడా బొంగురుపోయింది.

గొంతులో ట్యూబు ఉండి వచ్చినవాళ్లకి బొంగురు మామూలే, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. దగ్గు సంగతి వేరు. నీళ్లు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నాయేమో చూడాలి, డిశ్చార్జ్‌కి ముందే డాక్టర్‌కి చెప్పండి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. పడుకోబెట్టి చెంచాతో పోయడం మాత్రం వద్దు.

డిశ్చార్జ్ రోజున ఏమేం అడగాలి?

ఆక్సిజన్ ఎంత ఉండాలి, ఎంతకి తగ్గితే ఫోన్ చేయాలి, ఏ మందు ఎన్నాళ్లు, బరువు మోపకూడని కాలో చెయ్యో ఉందా, కిడ్నీ సరిగ్గా ఉందా, తిండిలో వద్దన్నవేమిటి. ఈ ఆరూ కాగితం మీద రాయించుకోండి. ఆ రోజు లేచి నిలబడటానికి ఎంత సాయం కావాల్సి వచ్చిందో మీరూ రాసుకోండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లు తర్వాతి పరీక్షలు, ఫిజియో ఎంతవరకు అందుతాయో అక్కడి ఆరోగ్యమిత్రని బిల్లు సెటిల్ కాకముందే అడగాలి.

## ఇంటికొచ్చిన మొదటి వారాలు

మంచం మీంచి లేపడానికి ఇద్దరం చంకల్లో చేతులేసి ఎత్తుతున్నాం. సరైనదేనా?

కాదు. భుజం చుట్టూ కండ కరిగిపోయి ఉంటుంది. చంక పట్టి లాగితే కీలు సాగి నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పి కాళ్ల నీరసం కంటే ఎక్కువ నెలలు వేధిస్తుంది. లాగే మీ నడుములు పట్టేయడం అదనం. అన్నిటికంటే నష్టం ఏమిటంటే, మీరు ఎత్తినంతసేపూ ఆయన తొడలు పనిచేయవు.

ఇలా చేయండి. ఆయన్ని మంచం అంచుదాకా జరగమనండి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి, జానెడు ఎడంగా పెట్టించండి. రెండు అరచేతులూ మంచం పట్టె మీద ఉండాలి. ముక్కు మోకాళ్లు దాటి ముందుకొచ్చేదాకా వంగమనండి. భయంతో అందరూ వెనక్కి వాలి లేవబోతారు, లేవలేకపోయేది అక్కడే. ఆయన నడుముకి వెడల్పాటి బెల్టో, మడత పెట్టి గట్టిగా కట్టిన తువ్వాలో ఉంచండి. మీరు పక్కన నిలబడి ఒక చేత్తో దాన్ని పట్టుకోండి. "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఆయనే లేవాలి. ముందు ఓ ఐదు సెకన్లు ఆయన ప్రయత్నం చూడండి, చాలకపోతే అప్పుడు బెల్టు పట్టి కాస్త అందివ్వండి.

కూర్చోవడం కూడా వ్యాయామమే. దబ్బున పడకుండా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. ఇలా లేచి కూర్చోవడం ఐదుసార్లు, పూటకోసారి చొప్పున మూడు పూటలు. ఇంట్లో చేయించేవాటిలో ఒక్కటే చేయించే ఓపిక ఉంటే ఇదొక్కటి చేయించండి.

ఇంట్లో ఏమేం మార్చాలి?

మొదట మంచం. నులక మంచం, నవారు మంచం మధ్యలో గుంటపడి ఉంటాయి, ఎత్తూ తక్కువ. అందులోంచి లేవడం ఆరోగ్యవంతుడికే కష్టం. చెక్క మంచం వేసి, కూర్చుంటే పాదాలు ఆని మోకాళ్లు తుంటి కంటే కొంచెం కిందకి ఉండేలా కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. ఇటుకలు కదలకుండా చూసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, వీపు గోడకి ఆనించి పెట్టాలి.

తర్వాత మెట్లు. వరదలకి భయపడి మన వైపు ఇళ్లు ఎత్తు మీద కడతాం, నాలుగైదు మెట్లుంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇనుప పైపో, గట్టి వెదురో ఒక పక్క పాతించండి.

బాత్రూమ్ పెరట్లో ఉంటే దారిలో పాచి గీకించి, రాత్రికి లైటు పెట్టించండి. నేల మీద దొడ్డి ఉంటే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి.

పథ్యం ఎన్నాళ్లు పెట్టాలండి? బీరకాయ కూర, చారన్నం పెడుతున్నాం.

డాక్టర్ వద్దన్నవి తప్ప ఏ పథ్యమూ వద్దు. ప్రేమతోనే పెడతారు, కానీ చారన్నంతో కండ రాదు. కోలుకునే మనిషికి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8, వంద గ్రాముల చేపలో ఇంచుమించు 20 ఉంటాయి. గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు జలుబని, చేప వాతమని ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే పళ్లెంలో మిగిలేది అన్నమే.

గోదావరి పక్కన ఉండి చేపకి కరువేమిటి? కొర్రమీనో, మరే ముళ్లు తక్కువ చేపో పులుసు పెట్టి పెట్టండి. శాకాహారులైతే ముద్దపప్పు, పెసరట్టు, సెనగలు, పనీర్, పెరుగు పూటపూటకీ పడాలి. ఆకలి ఉండదు కాబట్టి ఆరుసార్లు కొంచెం కొంచెం. కిడ్నీ, లివర్ దెబ్బతిన్నవాళ్లకి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్ల మోతాదు డాక్టరే చెప్పాలి.

కొబ్బరినీళ్లు బలమని రోజుకి నాలుగు బోండాలు కొట్టిస్తున్నాం. మంచిదేగా?

కోనసీమలో ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోవాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. ఐసీయూలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి, డయాలసిస్ జరిగినవాళ్లకి, కొన్ని రకాల బీపీ, గుండె మందులు వాడేవాళ్లకి అది రక్తంలో పేరుకుని గుండె లయనే తప్పిస్తుంది. డాక్టర్ని అడగకుండా ఒక్క బోండం కూడా వద్దు వాళ్లకి. కిడ్నీ బాగున్నవాళ్లు రోజుకొకటి తాగొచ్చు. కండకి పనికొచ్చే ప్రొటీన్ మాత్రం అందులో లేదు.

నూనె మాలిష్ చేసే మనిషిని పెట్టాం. కండ వస్తుందా?

హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది, కండ రాదు. కండరం తను పనిచేస్తేనే పెరుగుతుంది. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ కాలు ముట్టుకోనివ్వొద్దు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

పాదం కిందకి వేలాడుతోంది. నడుస్తుంటే వేళ్లు నేలకి తగులుకుంటున్నాయి.

మోకాలి కింద బయటివైపు, చర్మానికి దగ్గరగా ఒక నరం ఉంటుంది. కాలు బయటికి పడేసి రోజుల తరబడి పడుకుంటే అది నొక్కుకుపోతుంది. జబ్బే నరాల్ని దెబ్బతీసి ఉండొచ్చు కూడా. పడుకున్నప్పుడు కాలు పక్కకి వాలకుండా దిండు పెట్టండి. కూర్చుని పాదం కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టి తన వైపుకి లాక్కోమనండి, ముప్పై సెకన్లు, నాలుగైదుసార్లు. పాదాన్ని ఎత్తి పట్టే స్ప్లింట్ వేసుకుంటే పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. మొద్దుబారిన పాదానికి వేడినీళ్ల కాపడం పెట్టకండి, కాలినా తెలియదు.

పురుగుల మందు కేసులో బతికి బయటపడ్డాడు. రెండు వారాలు బాగానే ఉండి ఇప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతోందంటున్నాడు.

ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుల మందుల్లో కొన్ని తగిలినవాళ్లలో ఒకటి నుంచి మూడు వారాల తర్వాత నరాలు దెబ్బతినడం ఉంది. కాళ్లలో మొదలవుతుంది. పిచికారీ చేస్తూ పీల్చినవాళ్లలోనూ కనిపించవచ్చు. "నీరసంలే" అని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వ్యాయామం ఉంటుంది, కానీ ముందు పరీక్ష జరగాలి.

పురుగుల మందు కావాలని తాగడం వల్లే ఇది జరిగి ఉంటే కాళ్లతోపాటు మనసుకీ వైద్యం కావాలి. టెలిమానస్ నంబరు 14416, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. మందు డబ్బాలు ఇంట్లో, పశువుల పాకలో ఉంచకండి. దెప్పిపొడుపులు అసలే వద్దు.

## నడక మొదలయ్యాక

రోజుకి ఎంత నడిపించాలి?

ఎంత నడిచాడన్నది కాదు, ఎన్నిసార్లు లేచాడన్నది మొదట చూడాలి. వరండాలో రెండేసి నిమిషాలు, రోజుకి ఐదారుసార్లు. అది తేలికయ్యాక వాకిట్లోకి. కొబ్బరి తోట ఉన్నవాళ్లకి కొలత తేలిక. చెట్టుకీ చెట్టుకీ మధ్య సాధారణంగా 25 అడుగులు వదిలి నాటుతారు. నాలుగు చెట్ల ఎడం అంటే వంద అడుగులు. "ఇవాళ ఆరో చెట్టు దాకా, వచ్చే వారం పదో చెట్టు దాకా" అంటే పెద్దవాళ్లకి ఫోన్‌లో అడుగుల లెక్క కంటే బాగా పట్టుబడుతుంది. మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంచండి. తిరిగొచ్చే దూరం కూడా లెక్కలో ఉందని మర్చిపోవద్దు. కాలువ గట్టు మీద నడక పచ్చగా, చల్లగా ఉంటుంది గానీ ఏటవాలు, గతుకులు, పక్కనే నీళ్లు. వాకర్ వదిలి ధైర్యంగా తిరిగేదాకా అటు వద్దు.

ఆయాసం వస్తే ఆపాలా, కొనసాగించాలా?

కొంచెం ఆయాసం రావాలి, రాకపోతే పని జరగనట్టే. నడుస్తూ చిన్న వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం. రెండు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆగి, ముందుకి వంగి చేతులు మోకాళ్ల మీద ఆనించి, ముక్కుతో పీల్చి పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలాలి. డాక్టర్ వేరే అంకె చెప్పకపోతే, ఆక్సిజన్ 90 కంటే దిగితే కూర్చోబెట్టండి. రెండు మూడు నిమిషాల్లో పైకి రాకపోయినా, 88 కంటే కిందకి పోతున్నా ఆ రోజుకి ఆపి ఫోన్ చేయండి. ఆక్సీమీటర్ పెట్టే వేలికి నెయిల్ పాలిష్ ఉండకూడదు, వేలు చల్లగా ఉండకూడదు.

ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి విపరీతమైన ఆయాసం, స్పృహ తప్పడం, దగ్గులో రక్తం: ఇవి వస్తే ఆలోచించకుండా 108.

నిన్న బాగా నడిచారు. ఇవాళ మంచం దిగట్లేదు.

నిన్న మోతాదు మించింది. చుట్టాలొచ్చిన రోజు, పండగ రోజు ఇలా అవుతుంది. తొడల్లో కొంచెం నొప్పి ఒక రోజులో పోతే ఫర్వాలేదు. మర్నాడంతా పడకేస్తే నిన్నటి దూరంలో సగానికి తగ్గించి మొదలుపెట్టండి. పూర్తిగా మానేస్తే మాత్రం వెనక్కే.

మా మామగారు ఎంత బతిమాలినా చేయరు. "నన్నిలా వదిలేయండే" అంటారు. ఏం చేయాలి?

ముందు ఎందుకు చేయనంటున్నారో కనుక్కోండి. నొప్పా? పడిపోతానన్న భయమా? మూత్రం ఆగదేమోనన్న సిగ్గా? కోడలు చేత చేయించుకోవాలంటే మొహమాటమా? చాలాసార్లు చివరిదే అసలు కారణం, కొడుకో మనవడో చేయిస్తే దారికొస్తారు.

రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారా, ఐసీయూ కలలొస్తున్నాయా, తిండి మీద, మనవల మీద కూడా ఆసక్తి పోయిందా అన్నది గమనించండి. ఐసీయూ తర్వాత దిగులు, భయం చాలామందికి వస్తాయి. ఒంట్లో, మనసులో, జ్ఞాపకశక్తిలో మిగిలే ఈ ఇబ్బందులన్నిటికీ కలిపి వైద్యులు 2010 నుంచి ఒక పేరే పెట్టుకున్నారు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలి, మందులున్నాయి.

తర్వాత, "ఎక్సర్‌సైజ్ చేద్దాం రండి" అనడం మానేయండి. ఆయనకి కావాల్సిన పని ఒకటి పట్టుకోండి. ఒకాయన ఎవరు చెప్పినా కాలు కదపలేదు. "గేదె ఈనింది, చూస్తారా" అని ఆయన భార్య అనగానే వాకర్ అడిగి మరీ పాకదాకా వచ్చారు. మర్నాటి నుంచి ఆయన నడక పాకదాకానే, రెండు పూటలా.

ఎండలకీ వానలకీ ఎలాగండి?

వేసవిలో మన వైపు ఉక్క ప్రాణం తీస్తుంది. పొద్దున్న ఏడులోపు, సాయంత్రం ఐదు దాటాక. మధ్యలో ఇంట్లోనే కుర్చీలో లేచి కూర్చోవడం, మోకాలు చాపి ఐదు అంకెలు నిలపడం. వానాకాలం బురదలోకి దిగొద్దు, హాల్లోనే తిరగండి.

లంక గ్రామాలవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరిక జారీ కాగానే, నడవలేని మనిషిని పడవలు రద్దీ కాకముందే గట్టున ఉన్న బంధువుల ఇంటికి చేర్చండి. డిశ్చార్జ్ కాగితాలు, రెండు వారాల మందులు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఆక్సిజన్ మిషన్ వాడుతుంటే కరెంటు పోతే ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి.

## నెలలు గడిచాక

ఎన్నాళ్లకి మామూలు మనిషవుతారు?

వేగంగా మార్పు కనిపించేది మొదటి ఆరు నెలల్లో, తర్వాత ఏడాదిదాకా నెమ్మదిగా. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఐసీయూలో ఉన్నవాళ్లని కెనడాలో ఐదేళ్లు వెంబడించి చూసి 2011లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో ఎక్కువమంది నడి వయసువాళ్లే. ఐదేళ్ల తర్వాత ఊపిరితిత్తుల పరీక్షలు ఇంచుమించు మామూలుగా వచ్చాయి, ఆరు నిమిషాల నడక మాత్రం ఆ వయసువాళ్లు నడవాల్సినదాంట్లో 76 శాతం దగ్గరే ఉంది. చిన్న వయసువాళ్లు ఇంకా బాగా తేరుకున్నారు. "మూడు నెలలైంది, ఇంకా ఏంటి?" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇంటికొచ్చాక ఏ వ్యాయామం ఎంత చేస్తే మేలన్న దానిపై పరిశోధనల మాట ఒక్కటిగా లేదు. నేను చూసినంతలో, రోజూ కొంచెం చేసినవాళ్లు ఇంట్లో ఎవరి సాయం లేకుండా స్నానానికి వెళ్తున్నారు. నాకు ఆ తేడా చాలు.

పనిలోకి ఎప్పుడు పంపొచ్చు? కొబ్బరి దింపు పని ఆయనది.

చెట్టెక్కే పనికి తొందరపడొద్దు. పట్టు, తుంటి బలం, ఊపిరి మూడూ ఉండాలి, కళ్లు తిరగడం పూర్తిగా పోయి ఉండాలి. ముందు కింద పని ఇప్పించమని మేస్త్రీని అడగండి: కాయలు పోగెయ్యడం, లెక్క చూడటం, తర్వాత సగం పూట ఒలుపు. పొలం పనికైనా అంతే, గట్టు మీద నిలబడి చూసుకోవడం ముందు, నడుం వంచి చేసేది చివర. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా తేలిక పనే అనుకుంటారు గానీ నిద్ర చెడితే కోలుకోవడం కుంటుపడుతుంది.

బండి నడపొచ్చా?

ఎవరినీ పట్టుకోకుండా ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలిగి, ఆపిన బండిని స్టాండ్ మీంచి దించి తిరిగి వేయగలిగితే ఖాళీ రోడ్డు మీద ప్రయత్నించొచ్చు. తలకి దెబ్బ తగిలినా, ఫిట్స్ వచ్చినా, మత్తు కలిగించే మందులు వాడుతున్నా డాక్టర్ చెప్పేదాకా తాళాలు దాచేయండి.

ప్రైవేటు ఫిజియోకి రోజూ ఇచ్చుకోలేం. వేరే దారి?

కాకినాడ, రాజమండ్రి లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. రోజూ తిరగాల్సిన పని లేదు. పది రోజులకోసారి వెళ్లి కొత్త వ్యాయామాలు నేర్చుకుని, చేయించేవాళ్లు ఫోన్‌లో వీడియో తీసుకుని ఇంట్లో చేయిస్తే చాలామందికి సరిపోతుంది. ఒక కాలెండర్ మీద రోజూ ఎన్నిసార్లు లేచారో అంకె వేయండి, తర్వాతిసారి ఫిజియోకి చూపించడానికి అంతకన్నా మంచి రిపోర్టు లేదు.

అన్నీ బాగున్నాయి గానీ కింద కూర్చుని లేవలేకపోతున్నారు. పూజకి, పంక్తి భోజనానికి ఇబ్బందిగా ఉంది.

ఇది అందరికీ చివరికే వస్తుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవగలిగాక మొదలుపెట్టండి. ముందు కుర్చీ కంటే తక్కువ ఎత్తున్న స్టూలు, తర్వాత ఎత్తు పీట, ఆ తర్వాత మామూలు పీట, చివరికి చాప. ఒక్కో మెట్టు దగ్గర వారమో పది రోజులో ఆగాలి. నేల మీంచి లేచేటప్పుడు బాసింపట్టులోంచి నేరుగా లేవబోవద్దు. పక్కకి తిరిగి, అరచేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి, ముందున్న బరువైన కుర్చీ పట్టుకుని, బలంగా ఉన్న కాలి పాదం ముందుకేసి, దాని మీద బరువు వేసి లేవాలి. మొదటి కొన్నిసార్లు వెనక ఒకరు బెల్టు పట్టుకుని ఉండండి. మోకాళ్ల కింద మడత పెట్టిన దుప్పటి వేస్తే నొప్పి తెలియదు.